ఇంగ్లండ్ గడ్డి ఇళ్లపై గొడవ: మొదలు పొలంలోనే

ఇంగ్లండ్ పల్లెల్లో పాత గడ్డి ఇంటి కప్పు మార్చాల్సి వచ్చినప్పుడల్లా అదే పేచీ. గోధుమ గడ్డే వేయాలా, రెల్లు వేసుకోవచ్చా?

ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్‌లో, 14వ శతాబ్దపు క్లర్జీ హౌస్‌ను (చర్చి మతగురువుల ఇల్లు) పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ 1896లో 10 పౌండ్లకు కొన్న సంగతి చాలామందికి తెలుసు. కర్ర చట్రం మీద నిలబడ్డ ఆ గడ్డి ఇల్లే ట్రస్ట్ కొన్న మొదటి భవనం. 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళిక చట్టంతో ఇలాంటి ఇళ్లను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చి కాపాడటం మొదలైంది. ఇళ్లకు రక్షణ దొరికింది కానీ, వాటి కప్పుకు కావలసిన గడ్డిని ఎవరూ పట్టించుకోలేదు.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. అంతకుముందు గోధుమను బైండర్‌తో (కోసి పనలు కట్టే యంత్రం) కోసి, పనలు నిలబెట్టి ఆరబెట్టి, తర్వాత నూర్చేవారు. గడ్డి పొడుగ్గా మిగిలేది. కంబైన్ హార్వెస్టర్ వచ్చాక ఆ గడ్డి నలిగి ముక్కలైపోయింది. హార్వెస్టర్ తిరిగిన పొలంలో ఎలాంటి గడ్డి మిగులుతుందో మన రైతులకూ తెలుసు. దిగుబడి కోసం పొట్టి రకాలు వచ్చాయి, నత్రజని ఎరువు పెరిగింది. కప్పుకు పనికొచ్చే గడ్డి కరువైంది.

ఆ ఖాళీలోకి రెల్లు వచ్చింది. మొదట ఇంగ్లండ్‌లోనే ఉన్న నార్‌ఫోక్ నుంచి, తర్వాత టర్కీ, తూర్పు యూరప్ నుంచి. ఎక్కువ కాలం మన్నుతుందని ఇంటి యజమానులు అంటారు. ఖర్చు వాళ్లదే కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం.

అయితే పోయేది కప్పు అందం ఒక్కటే కాదు. గోధుమ గడ్డి కప్పును సాధారణంగా పూర్తిగా తీసేయరు. పాడైన పైపొర తీసి, పాతదాని మీదే కొత్తది వేస్తారు. అందుకే కొన్ని ఇళ్లలో అడుగు పొర మధ్యయుగాల నాటిది. పొగగొట్టాలు లేని రోజుల్లో ఇంటి మధ్య మండిన పొయ్యి పొగకు అది నల్లబడి ఉంటుంది. అప్పటి గోధుమ, రై, కలుపు మొక్కలు వెన్నులతో సహా అందులో దొరుకుతాయి. రెల్లు వేయాలంటే మాత్రం సాధారణంగా వాసాలు కనబడేదాకా అంతా ఊడబెరుకుతారు. ఆరు వందల ఏళ్ల పంటల ఆనవాళ్లు ఒక్క వారంలో చెత్తకుప్పకు చేరతాయి. ఉన్నదానితోనే మరమ్మతు చేయాలని చారిత్రక కట్టడాలను చూసే ప్రభుత్వ సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ 2000లో గట్టిగా చెప్పడం సబబే అనిపించేది ఇందుకే.

ఇప్పుడు మారిస్ విడ్జన్ లాంటి పొడుగు గోధుమ రకాలను కొద్దిమంది రైతులే పాత బైండర్లతో కోస్తున్నారు. వేసవిలో వానలు ముదిరితే ఆ పైరు పడిపోతుంది, గడ్డి ధర ఎగురుతుంది. రెల్లుకు అనుమతి ఇవ్వండంటూ స్థానిక కౌన్సిళ్లకు అర్జీలు వెళ్తాయి.