కడుపు కోయని ఆపరేషన్ రాయగడకు ఎందుకు దూరమైంది?

ఒడిశాలోని రాయగడ తెలుగు ఇళ్లలో ఎవరికైనా పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగులో తేలితే, ఆ వెంటనే వచ్చే మాట విశాఖ రైలు గురించే. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా సాగే ఆ ప్రయాణానికి కారణం డాక్టర్ల కొరత ఒక్కటే కాదు, లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా గొట్టం పంపి చేసే ఆపరేషన్ పరికరాలు అమ్ముడయ్యే తీరు కూడా.

శరీరం లోపలికి చూసే గొట్టాన్ని ఫిలిప్ బోజినీ 1806లోనే కొవ్వొత్తి వెలుతురుతో చేసి చూపాడు. దానికి స్పష్టమైన చూపునిచ్చినవాడు భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్. పలుచని కటకాల స్థానంలో పొడవాటి గాజు కడ్డీలు పేర్చి వెలుతురును ఎన్నో రెట్లు పెంచిన ఆయన పద్ధతిని 1960లలో జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ సంస్థ తయారీకి తీసుకుంది. 1985లో జర్మన్ సర్జన్ ఎరిక్ మ్యూహే ఈ దారిలో పిత్తాశయాన్ని తొలగించగా, 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో తొలిసారి ఆ ఆపరేషన్ చేశారు.

పల్లెలకు మాత్రం లాప్రోస్కోపు మొదట పరిచయమైంది కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ల శిబిరాల్లోనే. లోపల చోటు కోసం కడుపును ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడు వాడేది, అది రక్తంలో తేలికగా కరిగిపోతుంది గనుక. మామూలు గాలి రక్తనాళంలోకి చేరితే ప్రాణమే పోవచ్చు. అయినా 2014లో ఒడిశాలోని అంగుల్ జిల్లాలో జరిగిన ఒక శిబిరంలో ఆ వాయువు పంపే యంత్రానికి బదులు సైకిల్ పంపు వాడారు. పేద స్త్రీల శరీరాలకు మనం కట్టిన విలువ అదేనా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది.

కెమెరా, మానిటరు, వెలుతురు యంత్రం ఒకసారి కొంటే ఏళ్లపాటు ఉంటాయి. ట్రోకార్లు (పరికరాలు లోపలికి పంపే గొట్టాలు), టైటానియం క్లిప్పులు, స్టేప్లర్ కాట్రిడ్జీల వంటివి కేసు కేసుకూ కొనాలి. కంపెనీకి నిలకడైన రాబడి వాటి మీదే. రోజూ కేసులుండే నగర ఆసుపత్రి ఆ ఖర్చును పంచుకోగలదు, నెలకు నాలుగు కేసులు వచ్చే చిన్న పట్టణపు ఆసుపత్రికి అది సాధ్యం కాదు. కడుపు లోపలికి చూపే టెలిస్కోపులో ఒక్క గాజు కడ్డీ పగిలినా చూపు మసకబారుతుంది. అది బాగై వచ్చేదాకా మిగతా యంత్రమంతా గుడ్డ కప్పుకుని మూలన ఉండాల్సిందే, రోగికి మళ్లీ పెద్ద కోతే.

2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నిటినీ ఔషధాల చట్టం కిందికి తెచ్చారు. విశాఖలోనే వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ వెలిసింది. అక్కడి నుంచి రాయగడకు రైలు మార్గం ఉంది. కావలసినవి విడిభాగాలు, వాటితోపాటు వచ్చి బాగుచేసే మనిషి.