ఎం77 నడుమ ధూళి గోడ: 1985లో ఏం జరిగింది?

ఎం77 గెలాక్సీ నడిమధ్య కృష్ణబిలం చుట్టూ దట్టమైన ధూళి వలయం ఉందా, లేదా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. సుమారు 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ సర్పిల గెలాక్సీ మెసియే జాబితాకెక్కిన (ఎం77లో ‘ఎం’ అదే) కథ, కేంద్రం అసాధారణంగా వెలిగే ఇలాంటి గెలాక్సీలపై 1943లో కార్ల్ సీఫర్ట్ రాసిన వ్యాసం అందరూ చెప్పేవే. వాటి జోలికి పోవడం లేదు. ఇప్పటి గొడవకు వేరు 1985లో ఉంది.

ఆయన పేరుతోనే పిలిచే ఈ సీఫర్ట్ గెలాక్సీల్లో రెండు రకాలు. మొదటి రకం వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు బాగా వెడల్పు. అంటే కేంద్రం దగ్గర వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందన్నమాట. రెండో రకంలో అన్నీ సన్న గీతలే. ఎం77 ఈ రెండో రకం.

1985లో ఖగోళ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఆంటొనుచ్చి, జోసెఫ్ మిల్లర్ దీని కేంద్రం నుంచి వచ్చే వెలుగులో ధ్రువణం చెందిన (అంటే తరంగాలు ఒకే దిశలో ఊగే) భాగాన్ని మాత్రమే విడదీసి చూశారు. అందులో వెడల్పు గీతలు బయటపడ్డాయి! గోడ వెనక దీపం మనకు కనపడదు. గోడ మీదుగా లేచిన పొగపై దాని వెలుగు పడితే మాత్రం అది ఎలాంటి దీపమో తెలిసిపోతుంది. ఇక్కడ పొగ పని చేసింది ఎలక్ట్రాన్లు. పైగా ధ్రువణం దిశ రేడియో జెట్‌కు, అంటే కేంద్రం నుంచి చిమ్మే, రేడియో తరంగాల్లో కనిపించే ధారకు, అడ్డంగా ఉంది. దేన్నైనా తాకి చెదిరిన వెలుగు ధ్రువణం, అది వచ్చిన దారికి అడ్డంగానే ఉంటుంది. కాబట్టి వెలుగు జెట్ వైపునుంచే తప్పించుకుంటోంది, పక్కలు మూసుకుపోయాయి. కుండ కింద పెట్టే చుట్టకుదురు లాంటి ధూళి వలయమన్న ఊహ దీంతోనే గట్టిపడింది. రెండు రకాలూ ఒకటే, తేడా చూసే కోణంలోనే అన్న వాదనకు బలమూ ఇదే. ఒక్క గెలాక్సీ మీద ఇంత బరువా అనొచ్చు. కానీ తర్వాత చాలా రెండో రకం గెలాక్సీల్లో ఇలాగే దాగిన వెడల్పు గీతలు దొరికాయి.

2020లో గ్రావిటీ అనే పరారుణ పరికరంతో చూసిన బృందం అడ్డం తిరిగింది. తమకు కనిపించింది పలుచటి వలయమే, లావుపాటి చుట్ట కాదంది.

2022 ఫిబ్రవరిలో మాటిస్ అనే మరో పరికరం బృందం ఇంకా పొడవైన పరారుణ తరంగాల్లో చూసి, ధూళి ఎక్కడెంత వేడిగా ఉందో మ్యాపు గీసింది. కృష్ణబిలం మందపాటి ధూళి వెనకే దాక్కుందని తేల్చింది. నాకు ఇదే 1985 నాటి సాక్ష్యానికి అతుకుతుంది.

అదే ఏడాది నవంబరులో అంటార్కిటికా మంచులోని ఐస్‌క్యూబ్ పరిశోధన కేంద్రం ఎం77 నుంచి వచ్చాయని ప్రకటించిన సుమారు 79 న్యూట్రినోలను (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే కణాలను) కూడా కొందరు ఇందులోకి లాగుతున్నారు. అది వేరే సంగతి. వాటితోపాటు రావాల్సిన గామా కిరణాలను మింగేస్తున్నది ధూళి కాదు, కృష్ణబిలానికి ఆనుకుని ఉన్న దట్టమైన ఎక్స్‌రే వెలుగు అన్నది ఎక్కువమంది చెప్పే కారణం.

గ్రావిటీ, మాటిస్ రెండూ చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కే అమర్చినవి. చూసిన చోటూ ఒకటే. మ్యాపు మీద కృష్ణబిలాన్ని ఎక్కడ గుర్తు పెట్టాలన్న దగ్గరే రెండు బృందాలకూ పడలేదు.