మూడు గంటల లెక్క వెనక కథ

పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రిలో రోజుకు ఎంతసేపు థెరపీ (కదలిక, రోజువారీ పనులు, మాట తిరిగి నేర్పే శిక్షణ) ఇవ్వాలన్న పేచీ మళ్లీ మొదటికొచ్చింది. అవసరమైనవారికి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు ఇవ్వాలని 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ తన మార్గదర్శకాల్లో చెప్పింది. 2013లో అదే సంస్థ చెప్పింది, అవసరమైన ఒక్కో థెరపీ కనీసం 45 నిమిషాలు. గంటలు పెంచితే చేసేవాళ్లేరీ అన్నది ఒక పక్షం మాట. లక్ష్యం పెట్టకపోతే మనుషుల్ని ఎప్పటికీ ఇవ్వరన్నది రెండో పక్షం మాట.

పక్షవాతం తెచ్చే స్ట్రోక్ అంటే మెదడులో రక్తనాళం మూసుకుపోవడం లేదా చిట్లడం. ఇక నేరుగా నార్వేలోని ట్రోన్‌హైమ్ నగరానికి వెళ్దాం. అక్కడ ఇండ్రెడావిక్ అనే వైద్యుడి బృందం 220 మంది రోగుల్లో సగం మందిని స్ట్రోక్ యూనిట్‌లో (స్ట్రోక్ రోగుల కోసమే నడిపే వార్డులో), సగం మందిని మామూలు మెడికల్ వార్డులో చేర్చింది. ఎవరు ఎటన్నది లాటరీయే తేల్చింది. ఫలితాలు 1991లో వచ్చాయి. 6 వారాలు తిరిగేసరికి యూనిట్ వాళ్లలో 56.4 శాతం ఇంట్లో ఉన్నారు, వార్డు వాళ్లలో 32.7 శాతమే. చనిపోయినవారు యూనిట్‌లో 7.3 శాతం, వార్డులో 17.3 శాతం. స్ట్రోక్‌కు గడ్డ కరిగించే మందు ఆమోదం పొందడానికి ఇంకా ఏళ్లు పట్టింది. తేడా అంతా వార్డు నడిపిన తీరులోనే ఉంది.

స్ట్రోక్ యూనిట్‌లో ఆ తీరు చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. నోట్లో ఏదైనా పెట్టే ముందు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి నర్సు చెంచాతో నీళ్లు తాగించి చూస్తుంది. దగ్గొచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా, మాటతో పాటు మింగడాన్నీ పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చూసేదాకా మాత్ర కూడా నోటి ద్వారా ఇవ్వరు. అర్ధరాత్రి చేరిన రోగికీ ఇదే పద్ధతి. ఈ పరీక్ష లేని వార్డులో ఇంటివాళ్లు ప్రేమకొద్దీ ఇడ్లీ పెడతారు, అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా పట్టుకుంటుంది. మరొకటి భుజం. మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగితే కీలు జారుతుంది, నొప్పి మొదలైతే చేతి వ్యాయామం అక్కడితో ఆగినట్టే. అందుకే ఆ చేతికి దిండు ఆసరా ఎలా పెట్టాలో థెరపిస్టుతో పాటు రాత్రి డ్యూటీ నర్సుకూ తెలిసుండాలి. యూరిన్ పైపు వీలైనంత త్వరగా తీసేయాలి. వారానికి ఒక్కసారైనా డాక్టరు, నర్సు, థెరపిస్టులంతా కలిసి కూర్చుని ఒక్కో రోగి గురించి మాట్లాడుకోవాలి. అక్కడ రాసుకునే లక్ష్యం ‘నడక మెరుగుపడాలి’ అని ఉంటే పనికిరాదు. ‘శుక్రవారంలోగా ఒక్కరి సాయంతో మంచం నుంచి కుర్చీలోకి మారాలి’ అన్నట్టు ఉండాలి.

ట్రోన్‌హైమ్‌లో రోగుల్ని త్వరగా లేపి నిలబెట్టేవారు. దాంతో ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా అయితే అంత మేలన్న నమ్మకం బలపడింది. 2015లో అవెర్ట్ పరిశోధన దాన్ని దెబ్బతీసింది. 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మందిని చూస్తే, 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువగా కదిలించినవారిలో 46 శాతం, మామూలుగా చూసినవారిలో 50 శాతం బాగా కోలుకున్నారు. ఒకేసారి ఎక్కువసేపు కన్నా కొద్దికొద్దిగా పలుమార్లు లేపడమే నయమని ఆ తర్వాతి విశ్లేషణలో తేలింది. ఇది మొదటి రెండు వారాల ముచ్చటే, తర్వాతి వారాలకు వర్తించదని మూడు గంటల పక్షం అంటుంది. అది నిజమే.

అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఇదే 3 గంటల కొలతను రిహాబ్ (పునరావాస) ఆసుపత్రిలో చేర్చుకోవడానికి వాడుతుంది. అంత థెరపీ తట్టుకోలేని మనిషికి సాధారణంగా అక్కడ చోటుండదు. ఇంగ్లండ్‌లో ఇది చికిత్స లక్ష్యమైతే, అక్కడది డబ్బు చెల్లింపు నిబంధన.

ఇక మనుషుల లెక్క. బ్రిటన్‌లో 45 నిమిషాల రోజుల్లోనే, 2016 మార్గదర్శకాల ప్రకారం, 5 పడకలకు పూర్తికాలపు లెక్కన 0.84 ఫిజియోథెరపిస్టు, 0.81 ఆక్యుపేషనల్ థెరపిస్టు (తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పేవారు), 0.40 స్పీచ్ థెరపిస్టు కావాలి. 20 పడకల యూనిట్‌కు అంటే ముగ్గురికి పైగా ఫిజియోలు, ముగ్గురికి పైగా ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ఒకటిన్నర మందికి పైగా స్పీచ్ థెరపిస్టులు. మనదగ్గర ఈ చివరి పోస్టు ఎన్ని వార్డుల్లో ఉందో అడిగి చూడండి.

అంతమందిని పెట్టలేం, ఇంటివాళ్లకే నేర్పిద్దామన్న ఆలోచననూ భారత్‌లోనే పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ పరిశోధనలో ఆసుపత్రిలోనే కుటుంబసభ్యులకు శిక్షణ మొదలుపెట్టి, ఇంటికెళ్లాక 2 నెలల వరకు కొనసాగించారు. 2017లో ఫలితం వచ్చింది. శిక్షణ అందినా అందకపోయినా 6 నెలలకు చనిపోయిన లేదా ఇతరులపై ఆధారపడ్డవారు రెండువైపులా 47 శాతమే.