బొక్కలు సిరోంచవి, అడ్రస్ కోల్‌కతాది

వడధం ఫాసిల్ పార్క్ మాట వచ్చినప్పుడల్లా మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచలో పాత ప్రశ్నే లేస్తుంది: కోల్‌కతా తీసుకెళ్లిన మా రాక్షసి బల్లి బొక్కలు (ఎముకలు) మాకెప్పుడిస్తారు? ఇప్పుడూ అంతే.

మిషనరీ హిస్లాప్ లాంటి దొరలు 19వ శతాబ్దంలోనే ఇక్కడి కోట అనే ఊరి రాళ్లలో చేపల శిలాజాలు ఏరుకెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1957-61 మధ్య ఉంది. గణాంకవేత్త మహలనోబిస్ కలకత్తాలోని తన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూవిజ్ఞాన విభాగం పెట్టడానికి లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించారు. లెక్కల సంస్థకు బొక్కలతో ఏం పనని అడగొచ్చు. ఆయన ఆసక్తులు అలాంటివి.

ఆ విభాగం వాళ్లు సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర తవ్వితే (చీరల పోచంపల్లి కాదు) ఒకేచోట సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. పక్కనే రాయిగా మారిన చెట్ల మొద్దులు. ఇలాంటి ఎముకను ఊరికే లేపితే చేతిలోనే పొడవుతుంది. గోనె పీలికలు ప్లాస్టర్‌లో ముంచి చుట్టి, గట్టిపడ్డాకే కదపాలి. మొత్తానికి అన్నీ కలకత్తా చేరాయి.

వద్దనేవాళ్లెవరు? శిలాజాలకంటూ చట్టం లేదు. తవ్వకాల మధ్యలోనే, 1960 మే 1న, బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర అయింది. గడ్చిరోలి జిల్లా ఇంకా పుట్టలేదు, అది 1982 మాట. తెలుగు మాట్లాడే ఈ మూల ఊళ్లకు జిల్లా ఆఫీసంటే ఎక్కడో ఉన్న చాందా (ఇప్పటి చంద్రపూర్).

1975లో ఆ బల్లికి పెట్టిన పేరు చూడండి: బారాపాసారస్ టాగోరీ. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రుడి శతజయంతి కాబట్టి టాగోరీ. ఊరి పేరు లేదు. ప్రాణహిత నది అవతల యామన్‌పల్లిలో కేంద్ర సంస్థ జీఎస్ఐకి (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) దొరికిన మరో రాక్షసి బల్లికి మాత్రం కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పెట్టారు. ఆ కోట కూడా సిరోంచ తాలూకా ఊరే! దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.

భద్రపరచడానికి ల్యాబు, చదవడానికి మనుషులు కావాలన్నది శాస్త్రవేత్తల వాదన. కాదనలేం. 2022లో కేంద్రం తెచ్చిన భూవారసత్వ ముసాయిదా బిల్లు మాత్రం ఇలాంటి శిలాజాల మీద అధికారం జీఎస్ఐ చేతిలో పెట్టింది.

కోల్‌కతాలో నిలబెట్టిన బారాపాసారస్‌కు అసలు తల లేదు. కొన్ని పళ్లే దొరికాయి. తల ఇంకా పోచంపల్లి నేలలోనే ఉందేమో. రేపు దొరికితే లారీ ఎటు వెళ్తుందన్నదే గొడవ.