కొండ దిగువన సరస్సు, ఒడ్డున క్యాబిన్: అపోహలు - వాస్తవాలు

చెక్క గోడలు, రెండు బంక్ మంచాలు, ముందు చిన్న వరండా, బయట చలిమంటకు ఇనుప వలయం. ఇలాంటి క్యాబిన్లకు తాళాలివ్వడం, ఖాళీ అయ్యాక మళ్లీ సిద్ధం చేయడం నా పని. చాలా ఏళ్లుగా చేస్తున్నాను. టెంట్లో పడుకునేవాళ్లు గాలి మీద, నీళ్ల మీద, ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచుతారు. క్యాబిన్‌కి వచ్చినవాళ్లు గడియ పెట్టుకోగానే ఇల్లు చేరినంత నిశ్చింతగా ఉంటారు. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు ఆ నిశ్చింత వల్ల జరిగినవే. తాళం ఇచ్చేటప్పుడు నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "వాన పడుతోంది కదా, కుంపటి లోపల పెట్టుకుని కిటికీ కాస్త తీసి ఉంచితే చాలు."

నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇదే. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి, బొగ్గులు ఎర్రగా కణకణలాడుతూ "ఇక ఏం ఫర్వాలేదు" అనిపించే సమయంలోనూ అది వస్తూనే ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ప్రయాణ బడలిక అనుకుని పడుకుంటారు. నిద్రలోకి జారుకున్నాక ప్రమాదాన్ని పసిగట్టే దారే ఉండదు.

ఓ సాయంత్రం జల్లు మొదలయ్యాక క్యాబిన్ల వరస వెంట నడుస్తున్నాను. ఒక కిటికీ అద్దం లోపలి వైపు చెమర్చి ఉంది. తలుపు కొడితే తండ్రి తీశాడు. రెండు మంచాల మధ్య నేల మీద కుంపటి, పై బంక్ మీద ఇద్దరు పిల్లలు. చిన్నపాపకి అప్పటికే తలనొప్పి. అందరినీ వెంటనే వరండాలోకి తెచ్చి, అంబులెన్స్‌ని పిలిచాం. పాప కోలుకుంది. గోడ మీది కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం మోగలేదు. మూత తీసి చూస్తే అందులో బ్యాటరీ లేదు. అంతకుముందు దిగినవాళ్లెవరో తీసుకున్నారు, నేను చూసుకోలేదు. ఆ రోజు నుంచి తాళం చేతికిచ్చే ముందు అలారం మీట నొక్కి, బీప్ వినిపించాకే నేను కదులుతాను. మీరూ నొక్కండి. ఎవరూ నొక్కి చూపించకపోతే అడగండి. అలారం లేకపోతే బ్యాటరీతో నడిచేది ఒకటి వెంట తెచ్చుకోండి. కుంపటి, గ్యాస్ స్టవ్ వరండాలో కూడా వద్దు, ఆరుబయటే వాడాలి. జెనరేటర్ అయితే కనీసం 6 మీటర్ల దూరంలో, దాని పొగ తలుపులు, కిటికీల వైపు రాకుండా పెట్టాలి.

అపోహ: "ఎండ మాడ్చేస్తోంది, నీళ్లు వెచ్చగానే ఉంటాయి. పైగా సరస్సు, అలలుండవు."

ఎండకు వేడెక్కేది పై పొర మాత్రమే. లోతైన సరస్సులో కొన్ని మీటర్లు దిగేసరికి నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. పైనుంచి మంచు కరిగి వచ్చే కాలమైతే పై పొర కూడా చల్లగానే ఉంటుంది. చలినీళ్లలో పడ్డ మనిషికి ఏమవుతుందో కెనడాకు చెందిన ప్రొఫెసర్ గార్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని గుర్తుండేలా చెప్పాడు. ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. చేతులూ కాళ్లూ పనికొచ్చేది ఇంచుమించు 10 నిమిషాలు. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే చాలామంది మునిగేది గడ్డకట్టుకుపోయి కాదు, ఈదలేక. బాగా ఈత వచ్చినవాడి చేతులు కూడా 10 నిమిషాల్లో మాట వినడం మానేస్తాయి. లైఫ్ జాకెట్ పడవలో సీటు కింద ఉంటే లాభం లేదు, ఒంటి మీద ఉండాలి.

కొండ దిగువన ఉండే సరస్సుల్లో కొన్ని ఆనకట్ట కట్టగా ఏర్పడినవి. వాటిలో వేసవి ముదిరేకొద్దీ నీటిమట్టం పడిపోతుంది. పోయినసారి మీరు దూకిన చోటే ఈసారి చెట్టు మోడు నీళ్ల కింద జానెడు లోతులో ఉండొచ్చు. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి కూడా పుంజుకుంటుంది. గాలి నింపిన ట్యూబుల మీద తేలే పిల్లలు చూస్తుండగానే దూరమైపోతారు.

అపోహ: "నాలుగు ఎలుక పెంటికలే కదా, ఊడ్చేస్తే పోతుంది."

చీపురు పట్టుకోకండి. 2012 వేసవిలో అమెరికాలోని యోసెమిటీ జాతీయ పార్కులో 10 మంది సందర్శకులకు హాంటా వైరస్ సోకింది, ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బస చేసినవి రెండు పొరల గోడలున్న టెంట్ క్యాబిన్లు. ఆ పొరల మధ్య ఎలుకలు గూళ్లు పెట్టుకున్నాయి. అన్ని ఎలుకలూ ఈ వైరస్‌ని మోయవు, కానీ పెంటికలు చూసి ఏది మోస్తుందో చెప్పలేం. ఎండిన పెంటికల దుమ్ము పీల్చడమే అసలు ప్రమాదం. తలుపులు, కిటికీలు తీసి అరగంట బయటే ఉండండి. ఆ తర్వాత చేతులకు గ్లవ్స్ వేసుకుని, 1 వంతు బ్లీచ్‌ని 9 వంతుల నీళ్లలో కలిపి పెంటికలు నానేలా చల్లి, 5 నిమిషాలాగి కాగితంతో తుడిచి తీసేయండి. బియ్యపు గింజంత నల్లటి పెంటికలు దిండు కింద కనబడితే మొహమాటపడకుండా వేరే క్యాబిన్ అడగండి.

అపోహ: "సరస్సు నీళ్లు మరిగిస్తే చాలు."

క్రిములకైతే చాలు. 1 నిమిషం తెర్లించాలి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు. కానీ నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు కనిపించే నాచులో విషాలుండొచ్చు. అవి మరిగిస్తే పోవు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి. అలాంటి నీళ్ల దగ్గరికి కుక్కలను అసలు పోనివ్వకండి. తాగి, ఒంటిని నాక్కుని చనిపోయిన కుక్కలున్నాయి.

అపోహ: "మట్టి కప్పేశాం, మంట ఆరిపోయింది."

మట్టి కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. పొద్దున గాలి లేస్తే మళ్లీ రాజుకుంటుంది. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, అరచేతి వెనుక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకో బకెట్ పోయాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకురాకండి. బెరడు కింద దాక్కున్న పురుగులు కొత్త అడవులకు చేరేది ఎక్కువగా ఇలాగే.

అపోహ: "ఉరుములొస్తే క్యాబిన్‌లోకి వెళ్తే సరి."

కరెంటు వైరింగ్, నీటి గొట్టాలు ఉన్న కట్టడంలోనైతే పిడుగు వాటి గుండా నేలలోకి దిగుతుంది. ఒట్టి చెక్క గదిలో ఆ దారి లేదు. అలాంటప్పుడు లోహపు పైకప్పు ఉన్న కారు ఎక్కి, అద్దాలు మూసుకుని, చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగండి.

అపోహ: "శిఖరం మీద కాదుగా, రాత్రి చలి ఏముంటుంది?"

పొద్దు గుంకగానే వాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లు జారినట్టు కిందికి జారుతుంది. వచ్చి చేరేది సరస్సున్న పల్లంలోకే. కొన్ని రాత్రులు పైన వాలు మీద కంటే మా ఒడ్డునే చలి ఎక్కువ. చాలా క్యాబిన్లలో మంచం, పరుపు తప్ప దుప్పటి కూడా ఉండదు. వేసవైనా స్లీపింగ్ బ్యాగ్ తెచ్చుకోండి.

ఆ చల్లగాలి పొర వల్లే ఇంకోటి జరుగుతుంది. పైకి పోవాల్సిన శబ్దం నీళ్ల వైపు వంగి చాలా దూరం వెళ్తుంది. వరండాలో మెల్లగా మాట్లాడుకుంటున్నాం అనుకునేవాళ్ల మాటలు అవతలి ఒడ్డున నాకు వినిపిస్తుంటాయి. కిటికీ తీసి ఉంటే, ఎవరైనా అలారం మీట నొక్కిన బీప్ కూడా.