మే సోత్ నుంచి తెచ్చారు సరే, ఏ లెక్కలో తెచ్చారు?

మళ్ళీ అదే వార్త. థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోత్ నుంచి వైమానిక దళం విమానాలు, వాటిలో నది అవతల మయన్మార్‌లోని ఆన్‌లైన్ మోసాల (స్కామ్) కేంద్రాల నుంచి బయటపడ్డ మనవాళ్ళు, దిగగానే ఏజెన్సీల ప్రశ్నలు, గంట తిరక్కుండా సోషల్ మీడియాలో రెండు జట్లు. "పాపం, ఉద్యోగం అని నమ్మి వెళ్ళి ఇరుక్కున్నారు" అని ఒక జట్టు. "మన పెద్దవాళ్ళ ఖాతాలు ఊడ్చేసింది వీళ్ళే, వీళ్ళకి విమానం కూడానా" అని ఇంకో జట్టు. 2025 నవంబరు 6న 270 మంది వచ్చారు, అందులో 26 మంది ఆడవాళ్ళు. నాలుగు రోజులకి మరో 197 మంది. అంతకుముందు మార్చి 10న 283 మంది, మర్నాడు 266 మంది దిగినప్పుడూ సరిగ్గా ఇదే గొడవ.

డేటా ఎంట్రీ ఉద్యోగం, టూరిస్ట్ వీసా, బ్యాంకాక్, రాత్రికి రాత్రి నది దాటించడం, పాస్‌పోర్ట్ లాక్కోవడం, అమ్మాయి పేరుతో ఫేక్ ప్రొఫైల్ పెట్టి చాటింగ్ చేయించడం. ఈ కథ ఇప్పటికి అందరికీ వచ్చేసింది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టను. ఇంతమందిని దేశాలు కలిసి విడిపించాయి కదా, మరి వాళ్ళు బాధితులో నిందితులో ఆ దేశాలు ఎందుకు తేల్చలేదన్నదే నాకు అసలు ప్రశ్న. తేల్చకుండా పంపేశారు కాబట్టే ఆ పంచాయితీ ఇప్పుడు మన ఊళ్ళో పోలీస్ స్టేషన్ బెంచీ మీదకి వచ్చింది.

ఒప్పందాలు లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. మీకాంగ్ నది చుట్టూ ఉన్న ఆరు దేశాలు (కంబోడియా, చైనా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం) మనుషుల అక్రమ రవాణా మీద కలిసి పనిచేస్తామని 2004లోనే యాంగాన్‌లో సంతకాలు పెట్టాయి. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లోని దేశాలు 2015 నవంబరులో కౌలాలంపూర్‌లో ఏకంగా ఒక ఒడంబడికే చేసుకున్నాయి, 2017 మార్చి నుంచి అది అమల్లో ఉంది. మనం ఆసియాన్‌లో లేకపోయినా మన కాగితాలు మనకున్నాయి. 2018 జనవరిలో అప్పటి కంబోడియా ప్రధాని హున్ సేన్ ఢిల్లీ వచ్చినప్పుడు కంబోడియాతో ఒకటి, 2020 ఫిబ్రవరిలో మయన్మార్ అధ్యక్షుడు వచ్చినప్పుడు ఇంకొకటి. ఆ రెండోదాని పేరులోనే రక్షించడం, కోలుకునేలా చేయడం, స్వదేశానికి పంపడం, మళ్ళీ సమాజంలో కలపడం అన్నీ ఉన్నాయి. ఏడాది తిరక్కుండా 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం గద్దెనెక్కింది, ఆ అధ్యక్షుణ్ణే లోపల వేసింది. మే సోత్‌కి నది అవతలున్న ఆ సరిహద్దు ప్రాంతం మీద రాజధాని నేపిడాలో కూర్చున్నవాళ్ళకి పట్టు అంతకుముందే అంతంతమాత్రం, ఆ తర్వాత అదీ పోయింది.

ఆ మధ్యలో కోవిడ్, ఖాళీ అయిన కాసినోలు స్కామ్ కేంద్రాలుగా మారడం, 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది ఇలా బందీలుగా ఉండొచ్చని చెప్పడం... ఇవన్నీ జరిగాయి. అయినా ఎవరూ పెద్దగా కదల్లేదు. కదిలించింది ఒక నటుడు.

2025 జనవరి మొదటి వారంలో వాంగ్ షింగ్ అనే చైనా నటుడు సినిమా ఆడిషన్ అని నమ్మి బ్యాంకాక్‌లో దిగాడు, అక్కణ్ణుంచి కారులో మే సోత్, ఆపైన నది అవతలికి. ప్రియురాలు చైనా సోషల్ మీడియా వీబోలో పెట్టిన పోస్టులు చైనా అంతా చుట్టేశాయి. నాలుగైదు రోజుల్లో గుండు చేసిన తలతో అతను బయటికొచ్చాడు. అతను ఒక్కడే వచ్చాడు, మిగతా చైనా కుటుంబాలు మా పిల్లల సంగతేంటని గోల పెట్టాయి. చైనా కొత్త సంవత్సరం సెలవులు నెలాఖర్లోనే, థాయ్‌లాండ్‌కి టూరిస్టు సీజన్. బుకింగ్‌లు రద్దవడం మొదలైంది. చూడండి, ఇరవై ఏళ్ళ ఒప్పందాలు చేయలేని పని హోటల్ గదుల క్యాన్సిలేషన్లు చేశాయి.

ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ సరిహద్దులో అయిదు చోట్ల మయన్మార్‌కి కరెంటు కట్ చేసింది, ఇంధనం, ఇంటర్నెట్ కూడా ఆపింది. అప్పటి థాయ్ ప్రధాని పేతోంగ్‌తార్న్ బీజింగ్ పర్యటనకి వెళ్ళిన రోజూ అదే, కాకతాళీయం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. అన్నేళ్ళూ ఆ స్కామ్ కేంద్రాల కాంపౌండ్లలో లైట్లు వెలిగింది థాయ్ కరెంటుతోనేనని అలా ప్రపంచమంతటికీ తెలిసింది. చైనా ప్రజా భద్రతా శాఖ సహాయ మంత్రి స్వయంగా మే సోత్ వచ్చి కూర్చున్నాడు. ఒక సాయుధ దళం 260 మందిని అప్పగించింది, ఆ వెనకే కారెన్ సరిహద్దు రక్షక దళం దాదాపు 7,000 మందిని బయటికి తెచ్చింది. కారెన్ దళం అంటే ఎవరనుకున్నారు? ఆ కాంపౌండ్లున్న భూముల మీద పెత్తనం వాళ్ళదే. దాని నాయకుడి మీద 2023 డిసెంబరులో బ్రిటన్, 2025 మేలో అమెరికా ఆంక్షలు పెట్టాయి. అంటే కంచే చేను మేసి, ఆఖర్న పంటని కాపాడానని ఫొటో దిగింది.

నా లెక్కలో మలుపు ఇక్కడే ఉంది. కరెంటు కట్ చేయడం కంటే, బయటపడ్డవాళ్ళని ఏం చేశారన్నదే ఇవాళ్టి గొడవకి మూలం.

థాయ్ చట్టం ప్రకారం సరిహద్దు దాటి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టి అడగాలి: ఎవరు తెచ్చారు, ఏం చెప్పి తెచ్చారు, బయటికి వెళ్ళే వీలుందా, కొట్టారా. బాధితుడని తేలితే ఆశ్రయం, దుబాసీ, నిలదొక్కుకునే గడువు. మొదటి 260 మందికి ఇలాంటి విచారణ జరిగింది. వేలల్లోకి వచ్చేసరికి ఆ ఓపిక లేదు. మీ దేశం వాళ్ళొచ్చి వెంటనే తీసుకెళ్ళేట్టయితేనే నది దాటనిస్తాం, మా దగ్గర ఉంచుకోం అని థాయ్‌లాండ్ షరతు పెట్టింది. శరణార్థి శిబిరాలతో దశాబ్దాలుగా వేగుతున్న దేశం కాబట్టి దాని భయం దానిది. కానీ ఆ షరతుతో మొత్తం వ్యవహారం బాధితుల రక్షణ కాస్తా సరుకు డెలివరీ అయిపోయింది. చైనా ఫిబ్రవరి 20 నుంచి విమానాలు పెట్టి తన వాళ్ళని అనుమానితులుగానే తీసుకెళ్ళింది, ఒక్కొక్కరికీ ఇద్దరేసి పోలీసులు రెక్క పట్టుకుని దింపడం టీవీల్లో చూశాం. విమానం పంపే స్తోమత లేని ఆఫ్రికా దేశాల పిల్లలు వారాల తరబడి సరిహద్దులోని ఆ సాయుధ దళాల శిబిరాల్లోనే పడిగాపులు కాశారు. మనం త్వరగానే తెచ్చుకున్నాం, ఆ మాట చెప్పాలి. కానీ ఎవరు ఎలాంటివాళ్ళని తేల్చిన కాగితం ఏదీ చేతిలో లేకుండా తెచ్చుకున్నాం.

2025 అక్టోబరులో మయన్మార్ సైన్యం మే సోత్ అవతలున్న కేకే పార్క్ అనే పెద్ద స్కామ్ కాంపౌండ్ మీద దాడి చేశాక ఇది ఇంకా ముదిరింది. ఈసారి అప్పగింతలు కూడా లేవు, జనం సరిహద్దులోని మోయ్ నది దాటి మే సోత్ ఒడ్డుకి చేరారు. 1,500 మందికి పైగా, 28 దేశాలవాళ్ళు, అందులో మనవాళ్ళు అయిదు వందలమంది దాకా. నవంబరు విమానాల గురించి మన ఎంబసీ ఇచ్చిన ప్రకటనలోనే, అక్రమంగా థాయ్‌లాండ్‌లోకి వచ్చినందుకు ఇమిగ్రేషన్ చట్టం కింద అక్కడి అధికారులు వీళ్ళని అదుపులో ఉంచారని ఉంది. రికార్డులో వాళ్ళ హోదా అంతే, అక్రమ చొరబాటుదారు. తప్పించుకోవడానికి నది దాటడమే నేరమైంది.

ఆసియాన్ ఒడంబడికలో 14వ అధికరణం, అక్రమ రవాణా వల్ల చేయాల్సి వచ్చిన పనులకి బాధితులని శిక్షించకుండా ఉండే సంగతి ఆలోచించాలంటుంది. అదీ "తగిన సందర్భాల్లో", తమ దేశీయ చట్టాలకి లోబడి. ఇంత జాగ్రత్తగా రాసుకున్నాక ఇక ఎవరికి పట్టింపు?

ఇప్పుడు కాస్త వెనక్కి, 2024 మేకి, విశాఖకి రావాలి. గాజువాక వైపు కొందరు ఏజెంట్లు తలకి లక్షన్నర దాకా తీసుకుని కుర్రాళ్ళని కంబోడియా పంపారని విశాఖ పోలీసులు బయటపెట్టిన రోజులవి. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో మూడు వందలమంది దాకా భారతీయులు తిరగబడ్డారు, విశాఖ కుర్రాళ్ళు వీడియోలు పంపారు. ఆ కాంపౌండ్ పేరు జిన్‌బెయ్ అని అప్పటి వార్తల్లో వచ్చింది. 2025 అక్టోబరులో అమెరికా ప్రాసిక్యూటర్లు కంబోడియా వ్యాపార సంస్థ ప్రిన్స్ గ్రూప్ అధిపతి మీద పెట్టిన కేసు పత్రాల్లో అదే జిన్‌బెయ్ పేరుంది, చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. విశాఖలో మాత్రం మొదట దొరికింది ఏజెంటు, కాబట్టి వచ్చిన కుర్రాళ్ళు సాక్షులయ్యారు. సిరిసిల్ల జిల్లాలో ఒక తల్లి ఫిర్యాదుతో తెలంగాణ పోలీసులు కన్సల్టెన్సీ తీగ లాగినప్పుడూ అంతే. తీగ ఊరివైపు నుంచి లాగితే ఒకరకం, విమానాశ్రయం వైపు నుంచి లాగితే ఇంకోరకం.

పోలీసుల వాదన కొట్టిపారేసేది కాదు. కొందరు తెలిసే వెళ్ళారు, కొందరు కమీషన్‌కి అలవాటుపడి స్నేహితులనీ పిలిపించుకున్నారు. ఇక్కడ జీవితాంతం దాచుకున్నది పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరుకి వీళ్ళ కష్టం వినే ఓపిక ఉండదు. సరే. ఎవరు ఏ రకమో తేల్చడానికే కదా ఆ సరిహద్దు దగ్గర విచారణ ఉండేది. అది ఎగరగొట్టి, పాస్‌పోర్ట్ లేక, ఫోన్ లేక, దెబ్బల మచ్చలు మానిపోయి వచ్చినవాణ్ణి ఇక్కడ "బలవంతంగా చేయించారనడానికి ఆధారం ఏది" అంటే ఏం తెస్తాడు? వాడి చాట్‌లన్నీ కాంపౌండ్ ఫోన్లో ఉన్నాయి. వాణ్ణి కొట్టిన సూపర్‌వైజర్ నది అవతలే ఉన్నాడు. వాడికి తెలిసిన ఒకే ఒక్క భారతీయ ఫోన్ నంబర్ ఏజెంటుది, అది స్విచాఫ్.

మన చట్టమూ వీళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో దోపిడీ అంటే శారీరక, లైంగిక దోపిడీ, బానిసత్వం, వెట్టి, బిచ్చమెత్తించడం, అవయవాలు తీయడం. మనిషిని బంధించి నేరం చేయించడం అనే మాట విడిగా లేదు. బానిసత్వం కింద లాయర్ వాదించొచ్చు, కానీ ఎఫ్ఐఆర్ రాసే ఎస్సైకి ఐటీ చట్టం సెక్షన్లే దగ్గరగా కనిపిస్తాయి. అక్రమ రవాణా మీద సమగ్ర బిల్లు 2018లో లోక్‌సభ దాటి, రాజ్యసభ దాటకుండానే సభ రద్దుతో మురిగిపోయింది. 2021లో ఇంకో ముసాయిదా బయటపెట్టారు, అదీ పార్లమెంటు గడప తొక్కలేదు.

వెళ్ళేటప్పటి కాపలా సంగతీ అంతే. వలసదారుల రక్షణ తనిఖీ ఉన్నది 18 దేశాలకి, అదీ పది పాసవనివాళ్ళకి. అందులో థాయ్‌లాండ్ ఉంది, కంబోడియా, మయన్మార్, లావోస్ లేవు. గల్ఫ్‌కి తాపీ పనికి వెళ్ళే కరీంనగర్ కూలీ కోసం కట్టిన గేటు అది. డిగ్రీ చదివి, ల్యాప్‌టాప్ తీసుకుని, టూరిస్టుగా బ్యాంకాక్ విమానం ఎక్కేవాణ్ణి అక్కడ ఆపి అడిగేవాళ్ళుండరు. 2022 జనవరి నుంచి 2024 మే దాకా విజిటర్ వీసాల మీద కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాం వెళ్ళిన భారతీయుల్లో దాదాపు 30 వేలమంది తిరిగొచ్చినట్టు ఇమిగ్రేషన్ రికార్డుల్లో లేదని 2024లో పత్రికల్లో వచ్చింది. అందరూ ఇరుక్కున్నారని కాదు. కానీ మొదట్లో చెప్పిన మార్చి, నవంబరు విమానాల్లో మే సోత్ నుంచి వచ్చినవాళ్ళని కలిపితే వెయ్యి చుట్టుపక్కలే. మిగతావాళ్ళలో రేపు బయటపడేవాళ్ళు ఏ సరిహద్దు దగ్గర, ఎవరి ఎదుట, ఏ హోదాలో నిలబడతారన్నది ఢిల్లీకీ బ్యాంకాక్‌కీ మధ్య ఇంకా రాసుకోవాల్సిన కాగితం.