యూరప్ వీధుల్లో మోసాలు, యాచన: అపోహలు – వాస్తవాలు

నేను టూర్ మేనేజర్‌ని. తెలుగు కుటుంబాలను పారిస్, రోమ్ నగరాలకు తీసుకెళ్తుంటాను. ప్రయాణానికి ముందు పెట్టుకునే సమావేశంలో వీసా, భోజనాల సంగతి తేలాక అందరూ అడిగేది దొంగల గురించే. ఆ ప్రశ్నల్లో వినిపించే అపోహలు కొన్ని మన పర్సుకు ప్రమాదం తెస్తాయి. మరికొన్ని, చేయి చాచిన నిరుపేదను దొంగగా చూసేలా చేస్తాయి. రెండో రకం నాకు మరింత బాధ కలిగిస్తుంది.

అపోహ: లోకజ్ఞానం లేనివారే మోసపోతారు.

వాస్తవం: వీధి మోసగాడికి మన తెలివితో పనిలేదు, మన మొహమాటమే అతని పెట్టుబడి. పారిస్‌లో మోంమార్త్ర్ కొండ మీది సాక్రే కేర్ చర్చికి వెళ్లే మెట్ల మొదట్లో రంగుదారాలు పట్టుకుని కొందరు నిలబడి ఉంటారు. నవ్వుతూ పలకరించి, ఏ దేశమని అడిగి, స్నేహంగా వేలు చాపమంటారు. గుళ్లో పూజారి చేత రక్ష కట్టించుకునే అలవాటున్న మనవాళ్లు ఆలోచించకుండానే చేయి ఇచ్చేస్తారు. అతను ఆ వేలికి దారాన్ని ఉచ్చులా తగిలించి, రెండో కొసను తన వైపు లాగి పట్టి జడలా అల్లుతాడు. అంటే అల్లిక పూర్తయ్యేదాకా మీ చేయి అతని అధీనంలోనే ఉంటుంది. చివరికి దాన్ని మణికట్టుకు బిగించి, ఒంటిచేత్తో విప్పుకోలేని ముడి వేసి, పది యూరోలో ఇరవై యూరోలో అడుగుతాడు. ఈలోగా అతని మిత్రులు ఇద్దరు ముగ్గురు పక్కన చేరతారు. కాబట్టి చేతులు జేబుల్లో ఉంచుకుని, ఆగకుండా, "నో" అని ఒక్కసారి చెప్పి నడిచిపోండి. జవాబివ్వకపోతే అమర్యాద అవుతుందని బాధపడనవసరం లేదు. ఒకవేళ కట్టేసినా మీరు బాకీ పడినట్టు కాదు. జనం ఉన్న వైపు నడిచి వెళ్లి, ఆ దారాన్ని హోటల్లో కత్తిరించుకోవచ్చు. పెద్దవాళ్లు ఉన్న బృందాన్ని నేను పక్కనున్న ఫ్యునిక్యులర్‌లో, అంటే కొండ ఎక్కే చిన్న రైలు పెట్టెలో, పైకి తీసుకెళ్తాను. మోకాళ్లకూ మేలు, ఆ మెట్ల దగ్గర ఆగే అవసరమూ ఉండదు.

అపోహ: బధిరుల కోసం ఒక సంతకం పెడితే పోయేదేమీ లేదు.

వాస్తవం: పరీక్షలకు పిల్లలు తీసుకెళ్లే అట్ట లాంటిదానికి బధిరుల పేరుతో సంతకాల కాగితం తగిలించుకుని, మాటలు రానట్టు సైగలు చేస్తూ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, ఈఫిల్ టవర్ పరిసరాల్లో తిరిగే యువతులను గమనించండి. సంతకం తర్వాత విరాళం అడగడం ఒక ఎత్తు. అంతకంటే ముఖ్యమైనది ఆ అట్టను పట్టుకునే తీరు. దాన్ని సరిగ్గా మీ హ్యాండ్‌బ్యాగ్ మీదికి వచ్చేలా పట్టుకుంటారు. మీరు పేరు రాస్తున్నంతసేపూ బ్యాగు జిప్పు మీకు కనిపించదు, పక్కనున్న రెండో మనిషికి మాత్రం అందుతుంది.

అపోహ: బంతి ఏ గిన్నె కింద ఉందో చెప్పమని వీధిలో పందెం కాయించే మూడు గిన్నెల ఆటలో ఎవరో గెలుస్తున్నారు కదా, చూపు చురుకుగా ఉంటే మనమూ గెలవచ్చు.

వాస్తవం: ఆ గెలిచేవారు, పక్కన నిలబడి ఉత్సాహపరిచేవారు, దూరంగా పోలీసుల కోసం కాపలా కాసేవారు, అందరూ ఒకే జట్టు. మీరు పందెం కాసే క్షణానికి బంతి గిన్నె కింద కాదు, ఆడించేవాడి గుప్పిట్లో ఉంటుంది. ఆట చూడటానికి ఆగినా నష్టమే, ఎందుకంటే ఆ గుంపులో జేబుదొంగలూ ఉంటారు.

అపోహ: టికెట్ కొని లోపలికి వెళ్లాక భయం లేదు.

వాస్తవం: 2013 ఏప్రిల్ 10న లూవ్ర్ మ్యూజియం మూతపడింది. లోపల జేబుదొంగల ఆగడాలు భరించలేక సిబ్బందే విధులు బహిష్కరించారు. పారిస్ మెట్రో ఒకటో లైన్, రోమ్‌లో తెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తలుపులు మూసుకునే క్షణంలోనే ఫోన్లు ఎక్కువగా పోతాయి. అందుకే తలుపు పక్కన నిలబడి ఫోన్ చూసుకోవద్దు.

అపోహ: పోలీసునని చెప్పి అడిగితే పర్సు ఇవ్వాల్సిందే.

వాస్తవం: పోలీసులు గుర్తింపు పత్రం అడగవచ్చు. అంతేగానీ దొంగనోట్ల తనిఖీ పేరుతో వీధిలో మీ పర్సు తీసుకుని నోట్లు లెక్కపెట్టరు. అనుమానం వస్తే పోలీస్ స్టేషన్‌కే వస్తానని చెప్పండి, లేదా 112కు ఫోన్ చేయండి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో అత్యవసర నంబరు అదే.

అపోహ: అక్కడ అడుక్కునేవారంతా ముఠా మనుషులే.

వాస్తవం: ఈ మాటను నేను బస్సులో ప్రతిసారీ ఖండిస్తాను. మోసగాడినీ యాచకుడినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ముఠాల చేతిలో చిక్కి అడుక్కునేవారు లేకపోలేదు, కానీ వారు కూడా బాధితులే. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో వీధిలో యాచించినందుకు రొమేనియాకు చెందిన, రోమా అనే అల్పసంఖ్యాక జాతికి చెందిన ఒక నిరక్షరాస్య మహిళకు 500 ఫ్రాంకుల జరిమానా వేసి, కట్టలేకపోతే అయిదు రోజులు జైల్లో పెట్టారు. గత్యంతరం లేని మనిషి సాయం అడిగినందుకు ఇలా శిక్షించడం ఆమె హక్కులకు భంగమని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2021 జనవరి 19న తీర్పు చెప్పింది. ఫ్రాన్స్‌లో 1994లో కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాక యాచన దానికదే నేరం కాకుండా పోయింది. దూకుడుగా, గుంపుగా వేధిస్తూ అడగడం మాత్రం 2003 నుంచి నేరం.

గోడకు ఆనుకుని, ముందు ఒక కప్పు పెట్టుకుని మౌనంగా కూర్చున్న మనిషి మీ బ్యాగు జోలికి రాడు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అయితే పర్సు అక్కడ తెరవకుండా చిల్లర ముందే వేరే జేబులో ఉంచుకోండి. రొట్టె, పండ్లు కొనిచ్చినా మంచిదే. నగదు ఇవ్వడం ఇష్టం లేనివారు, 1985లో హాస్యనటుడు కొలుష్ పిలుపుతో మొదలై నేటికీ పేదలకు ఉచితంగా భోజనం పెడుతున్న రెస్టో ద్యు కేర్ వంటి సంస్థలకు విరాళం ఇవ్వవచ్చు. ఏమీ ఇవ్వకపోయినా ముఖం చిట్లించకండి, ఫొటోలు తీయకండి.

అపోహ: నకిలీ బ్రాండ్ బ్యాగు కొంటే తప్పు అమ్మినవాడిదే.

వాస్తవం: ఇటలీలో కొన్నవారికీ జరిమానా ఉంది, 7,000 యూరోల వరకు.

అపోహ: వీసా కోసం తీసుకున్న బీమా పోయిన వస్తువులకూ వర్తిస్తుంది.

వాస్తవం: యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంజెన్ వీసాకు తప్పనిసరైన 30,000 యూరోల బీమా అత్యవసర వైద్యానికి, స్వదేశానికి చేర్చడానికి ఉద్దేశించినది. ఫోన్, నగదు, సామాను దానిలో భాగం కావు, కాబట్టి పాలసీలో ఆ అంశం విడిగా ఉందో లేదో కొనేటప్పుడే చదువుకోండి. ఉన్నా కూడా పోలీసు ఫిర్యాదు ప్రతి లేకుండా పరిహారం రాదు. పాస్‌పోర్ట్ పోయినప్పుడు భారత రాయబార కార్యాలయం అడిగేది కూడా ఆ ప్రతినే. పాస్‌పోర్ట్‌కు బదులుగా అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకు తిరిగి రావచ్చు, మిగిలిన దేశాల యాత్ర మాత్రం కొనసాగించలేరు. పాస్‌పోర్ట్, వీసా పేజీల నకళ్లను అసలు కాగితాలతో కలపకుండా వేరే బ్యాగులో పెట్టుకోండి, ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉంచండి.